నాన్న చేతికి చేసిన పిడి

నాన్న రివాల్వర్ నాన్నది కాదు, ఎస్టేటుది. కొల్లేటి లంకల్లో వసూలైన శిస్తు పెట్టె పడవలో ఏలూరు చేరేదాకా దాని పక్కన కూర్చుని కాపలా కాయడం ఆయన ఉద్యోగం. ఆ ఉద్యోగంతోపాటే కాలవగట్టు మీద రెండు గదుల ఇల్లు ఇచ్చారు. ఆయుధం ఎస్టేటుదైనా దాని మరమ్మతు ఖర్చు మాత్రం కాపలా మనిషే పెట్టుకోవాలి. అదెక్కడి న్యాయమని అడిగితే "మొదట్నించీ అంతేనమ్మా" అనేవారు.

ఏటా వసూళ్ళకి ముందు ఒక పరీక్ష ఉండేది. కొల్లేటి గట్టున వెదురు గడ పాతి, దాని కొసన కొబ్బరికాయ కట్టేవారు. ఇరవై అంగల దూరం నుంచి మూడు తూటాలు. ఒక్కటైనా తగిలితే ఆ ఏడాదికి ఉద్యోగమూ ఇల్లూ ఉన్నట్టు. పగిలిన కాయ ముక్కలు నాన్న ఇంటికి తెచ్చుకునేవారు. చిన్నప్పుడు సెలవులకి వచ్చినప్పుడు నేనూ తిన్నాను. తుపాకి మందు వాసన వేస్తోందని పేచీ పెట్టాను కూడా.

అమ్మ పోయాక నేను మద్రాసులో పిన్ని దగ్గర పెరిగాను. టీచర్ ట్రైనింగ్ అయ్యాక ఏలూరులో మిషన్ స్కూల్లో పని దొరికితే నాన్న దగ్గరికి వచ్చేశాను. ఆ ఊళ్ళో అందరూ మెత్తగా మాట్లాడతారు. ఎవరూ ఎవర్నీ గట్టిగా అడగరు. ఆ లోటు నేను తీర్చేదాన్ని.

ధాన్యం కొనేవాళ్ళు లేక రైతులు కళ్ళాల్లోనే కూర్చున్న రోజులవి. అన్నిటి ధరా పడిపోయింది, తుపాకీ మేస్త్రీగారి పని ధర తప్ప. గురి బాగా కుదరాలని ఈమధ్య నాన్న ఏటా ఆయన దగ్గరికే వెళ్ళేవారు. మైనం ముద్దని నాన్న పిడికిట్లో పట్టించి, ఆ అచ్చు చూసి రివాల్వర్ పిడి చెక్కేవారు మేస్త్రీగారు. మొదటి ఏడు దానికి ఒక జత చెప్పుల ఖరీదయింది. మరుసటి ఏడు కొత్త పిడి, గొట్టం చివర గురి చూసుకునే ముక్క కాస్త పెద్దది. అది నేత చీర ఖరీదు. నేను వచ్చేసరికి మూడో ఏడు. నాన్నతో కొట్టుకి వెళ్ళాను.

మేస్త్రీగారు చెప్పింది నా నెల జీతం.

"మళ్ళీ పిడి ఎందుకండీ? చెయ్యేమైనా చెప్పులా అరిగిపోతుందా?" అన్నాను.

"ఈసారి లోపల సీసం పోసి బరువు పెంచుతానండీ అమ్మాయిగారూ. స్ప్రింగు మద్రాసు నుంచి రావాలి. దార్లో ప్రతివాడూ ఓ చెయ్యి వేస్తాడండీ."

"ఆఖర్న వేసే చెయ్యి మీదేగా."

ఆయన నవ్వారు. ఆ నవ్వుకి నాకు ఇంకా మండింది.

"అన్నీ మారుస్తారు, ట్రిగ్గర్ మాత్రం ముట్టుకోరేం? అంత గట్టిగా లాగితే గురి కదిలిపోదూ? మా బాబాయి దగ్గర తుపాకుల కేటలాగులో చూశాను. పందేల్లో కాల్చేవాళ్ళంతా తేలిక చేయించుకుంటారట."

"అది మాత్రం వద్దండీ. బరువుగానే ఉండనివ్వండి."

"వచ్చే ఏడాదికి దాచుకుంటున్నారా ఆ పని?"

మేస్త్రీగారు నాన్న వంక చూశారు. నాన్న వీధిలో వెళ్తున్న జట్కా వంక చూశారు. అటే చూస్తూ, "అమ్మాయి చెప్పినట్టే చెయ్యండి మేస్త్రీగారూ" అన్నారు.

డబ్బు నేనే ఇచ్చాను. గెలిచినట్టే అనిపించింది.

పరీక్ష రోజు నేనూ పడవెక్కి వెళ్ళాను. ఎస్టేటు దివాన్‌గారు గొడుగు కింద కుర్చీలో కూర్చున్నారు. "ఏవండీ, అమ్మాయిగారు కొబ్బరికాయ కోసం వచ్చారా?" అని నవ్వారు. నేనూ నవ్వాను.

నాన్న చెయ్యి ఎత్తుతున్నారు. ఇంకా నడుం దాటలేదు, రివాల్వర్ పేలింది. తూటా నీళ్ళలో పడింది. నీటికోళ్ళు లేచిపోయాయి. రెండోసారి మరీ నెమ్మదిగా ఎత్తారు. భుజం దాకా రాకుండానే మళ్ళీ పేలింది. అప్పుడు చూశాను. ఆయన వేళ్ళు వణుకుతున్నాయి. మూడో తూటా ఆయన కాల్చలేదు. రివాల్వర్ తెచ్చి దివాన్‌గారి ముందు బల్ల మీద పెట్టి, "ఇంక నావల్ల కాదండీ" అన్నారు.

"విశ్రాంతి తీసుకోండి, పెద్దవారయ్యారు" అన్నారు దివాన్‌గారు, చాలా మర్యాదగా. నెలాఖరుకి ఇల్లు ఖాళీ చెయ్యమని మర్నాడు కబురొచ్చింది. అదీ మర్యాదగానే.

నేను నేరుగా మేస్త్రీగారి కొట్టుకి వెళ్ళి అరిచాను. నోటికొచ్చినవన్నీ అన్నాను. ఆయన అటక మీంచి మూడు మైనం ముద్దలు తీసి నా ముందు వరసగా పెట్టారు. మొదటి దాంట్లో నాన్న వేళ్ళ గీతలు కూడా కనిపిస్తున్నాయి. రెండో దాంట్లో వేళ్ళ అంచులు చెదిరాయి. మూడో దాంట్లో అసలు వేళ్ళే లేవు, బురదలో ఎవరో జారినట్టుంది.

"వణికే చేతికి ట్రిగ్గర్ బరువే కాపలా అండీ. మీరు అది తీయించారు."

"నాతో ఎందుకు చెప్పలేదండీ?"

"నాన్నగారు ఒట్టు వేయించుకున్నారు. మా అమ్మాయికి కోపం ఎక్కువ, భయం అంతకన్నా ఎక్కువ అన్నారండీ."

రెండు చేతులతో గ్లాసు పట్టుకుని నాన్న కాఫీ తాగడం రోజూ చూశాను. వేడికని అనుకున్నాను. ఉత్తరాలు నా చేత రాయించుకుంటే ముచ్చటపడ్డాను.

రివాల్వర్ ఎస్టేటులోనే ఉండిపోయింది. ఆ పిడి కొత్త కాపలా మనిషి చేతికి పట్టలేదట. ఊడదీసి పారేసి, రివాల్వర్ని మళ్ళీ మేస్త్రీగారి దగ్గరికే పంపారట. ధర ఈసారి ఇంకా పెరిగిందని విన్నాను.

నేను తాడేపల్లిగూడెం స్కూలుకి మార్పించుకున్నాను. స్టేషన్ వెనక ఒకే గది. ఆ ట్రిగ్గర్ గురించి నాన్న ఇప్పటిదాకా ఒక్క మాట అనలేదు. అంటే తిరిగి పోట్లాడేదాన్ని, ఏడ్చేదాన్ని, ఏదో ఒకటి అయ్యేది. ఇక్కడ ఆ వణుకు ఎవరి దగ్గరా దాచక్కర్లేదు. అయినా కాఫీ ఇస్తే గోడవైపు తిరిగి తాగుతారు. ఒలకకుండా సగం గ్లాసే పోస్తాను. నిండా పొయ్యమని ఆయన అడగరు.