అంచు దగ్గర చెదిరిన మాట

పోయిన మంగళవారం మధ్యాహ్నం, వినగడప స్కూల్లో ఏడో తరగతి పిల్లలకు డిక్టేషన్ చెబుతుండగా అత్తయ్య ఫోన్ చేసింది. "మీ మావయ్య లేవట్లేదమ్మా" అంది. అన్నం తిని మంచం మీద వాలారట. అంతే. నేను చెబుతున్న మాటను సగంలోనే వదిలేసి తిరువూరు బయల్దేరాను.

ఆయన మా అమ్మకు తమ్ముడు. మీలో ఎవరికీ తెలిసే మనిషి కాదు. తిరువూరులో ముప్పై ఏళ్లకు పైగా మైక్ సెట్ నడిపారు. పెళ్లిళ్లకూ, ప్రార్థన కూటాలకూ, నెమలి ఊరి తిరునాళ్లకూ ఆయన సౌండ్ బాక్సులే వెళ్లేవి. వాటి పక్కన నిలబడి నిలబడి చెవులు పాడుచేసుకున్నారు. మొద్దు శబ్దాలు వినబడేవి, సన్నవి వినబడేవి కావు. పిట్ట కూత పోయింది, కుక్కర్ విజిల్ పోయింది, ఆఖరికి శకారానికీ సకారానికీ తేడా పోయింది. "ఊరందరి చెవులూ అదరగొట్టాను. ముందు నావే పోయినాయి" అనేవారు.

సెట్ అమ్మేశాక ఆయనకు ఒకటే ధ్యాస. పెట్టె లేని స్పీకర్ చేయాలి. మా పేట చర్చికి రేకుల కప్పు, సిమెంటు గోడలు. పాస్టరు గారి ఒక్క మాట గోడలకు తగిలి మూడు మాటలై వచ్చేది. వెనక బెంచీల్లోని ముసలివాళ్లకు వాక్యం అర్థమయ్యేది కాదు. ఫోన్లో వీడియోలు చూసి మావయ్య ఒక సంగతి నేర్చుకున్నారు. స్పీకర్‌ని పెట్టెలో మూయకుండా ఒట్టి చెక్కకు బిగిస్తే శబ్దం ముందుకీ వెనక్కీ పోతుంది. పక్కలకు మాత్రం ముందుదీ వెనకదీ ఒకదాన్నొకటి చంపుకుంటాయి. పక్క గోడలకు తగిలేది తగ్గితే మాట మాటలా వినబడుతుంది.

కష్టమంతా అంచు దగ్గరే ఉందనేవారు. "శబ్దం చెక్క మీద పాక్కుంటూ పోద్దమ్మా. అంచు రాగానే తెగి, అక్కణ్ణుంచి మళ్లీ బయల్దేరుద్ది. అసలు మాట ముందొస్తది, అంచు మాట కాస్త వెనకొస్తది. రెండూ కలిసి మసకైపోతాయి." అందుకే అంచుల్ని ఒంపు తిరిగేలా చిత్రిక పట్టేవారు, ఉప్పుకాగితంతో రుద్దేవారు, చుట్టూ ఉన్ని గుడ్డ అతికించేవారు.

చేసింది బాగుందో లేదో ఆయనకు వినబడదు. "పిల్లల నోట్లో శ, స దిద్దే తెలుగు టీచరువి. నీ చెవి నాకు చాలు" అన్నారు. నా గొంతుతో 'విశ్వాసం' అనే మాట ఫోన్లో రికార్డు చేయించారు. రెండక్షరాలూ అందులో ఉన్నాయని. ఆదివారం ఆరాధన అయ్యి అందరూ వెళ్లాక నేను చివరి బెంచీలో కూర్చునేదాన్ని. ఆయన ముందు నిలబడి ఆ మాటే వినిపించేవారు. చేయెత్తితే బాగున్నట్టు, దించితే మళ్లీ చేయాలన్నట్టు. "వినడమంటే ఉన్నది చెప్పడమమ్మా. నాకు నచ్చేది చెప్పమాకు" అని మొదటి రోజే అన్నారు. ఏడాదిపాటు నా చేయి చూసి చెక్కలు కోశారు.

ఒక ఆదివారం గుండ్రటి చెక్కలు రెండు తెచ్చారు. నట్టనడుమ స్పీకర్. వేలు పోనిస్తే అంచు ఎక్కడుందో తెలియనంత నునుపు. అంత అందంగా ఆయన అంతకుముందు ఏదీ చేయలేదు. నా సంచిలో దిద్దాల్సిన పరీక్ష పేపర్లున్నాయి. తలనొప్పిగా ఉంది. మాట వచ్చింది. శకారం బుసకొట్టి సకారంలోకి జారింది. చేయి దించితే ఆయనకు ఇంకో నెల పని, నాకు ఇంకో నాలుగు ఆదివారాలు. ఆయన నావైపే చూస్తున్నారు.

నేను చేయెత్తాను.

ఆ చెక్కల్నే చర్చిలో బిగించారు. రెండు వారాలకే వెనక బెంచీల వాళ్లు మాట గీరుకుపోతోందన్నారు. పాస్టరు గారు మర్యాదగానే చెప్పారు. "మీ కష్టం దేవుడికి తెలుసండీ. కానీ జనానికి వాక్యం వినబడాలి కదా." కొత్త పెట్టెలు వచ్చాయి. మావయ్య ఎదురు చెప్పకుండా చెక్కలు తనే విప్పి ఆటోలో ఇంటికి తెచ్చుకున్నారు.

కొన్నాళ్లకు నన్ను పిలిచి, చెక్క నడిమి నుంచి అంచుకు దారం పట్టి చూపించారు. "ఎటు కొలిచినా ఒకటే దూరం, చూడు. అంచు మాటలన్నీ ఒక్కసారే వచ్చి పడతాయి. స్పీకర్‌ని ఓ పక్కకి జరపాల్సింది. నాకు తట్టలేదు. మరి విన్నప్పుడు నీకేం తేడా తెలీలేదా?"

అప్పుడైనా చెప్పాల్సింది. "తెలీలేదు మావయ్యా" అన్నాను.

ఆయన ముఖం పాలిపోయింది. కోపంతో కాదు, భయంతో. "అయితే నీక్కూడా చెవి పోతందేమోనమ్మా. నాలాగా అశ్రద్ధ చేయమాకు." వద్దన్నా వినలేదు. ఆ శనివారమే బస్సెక్కించి విజయవాడలో చెవి డాక్టరు దగ్గరకు తీసుకెళ్లారు. అక్కడివాళ్లు నన్ను అద్దాల గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు తగిలించి, వినబడినప్పుడల్లా మీట నొక్కమన్నారు. వినబడనట్టు కూర్చుందామనే ఆలోచన కూడా వచ్చింది. అద్దం అవతల మావయ్య కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంటున్నారు. ప్రతి శబ్దానికీ నొక్కాను.

"ఈవిడ చెవులకేం లోపం లేదండి. చాలా బాగున్నాయి" అని డాక్టరమ్మ ఆయనకు వినబడేలా గట్టిగా చెప్పింది.

"దేవుడికి స్తోత్రం" అన్నారు మావయ్య. తర్వాత ఆ కాగితం వైపు కాసేపు చూశారు. నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నారు. తిరుగు బస్సు మైలవరం దాటాక, "ఎండ పడతంది, ఇటు జరిగి కూర్చో" అన్నారు.

ఆ తర్వాత ఆయన చిత్రిక ముట్టలేదు. నన్ను ఒక్క మాట అనలేదు. వెళ్లినప్పుడల్లా స్కూలు కబుర్లు అడిగేవారు, మామిడిపండు కోసి ముక్కలు నా ముందు పెట్టేవారు. ఒకసారి చెప్పేశాను కూడా. "ఆ రోజు నాకు వినబడింది మావయ్యా" అన్నాను, మెల్లగా.

"ఏంటమ్మా?" అన్నారు, చెవి దగ్గర చేయి పెట్టుకుని.

ఆయనకు వినబడాలంటే అరవాలి. పక్కగదిలో అత్తయ్య ఉంది. "ఏం లేదు మావయ్యా" అన్నాను. ఆయనకు చెప్పలేనిది ఇప్పుడు మీకు చెబుతున్నాను. దీనివల్ల ఏమీ మారదని తెలుసు. ఆయన నాకు వినడం నేర్పారు. ఒక అక్షరం కోసం ఏడాది ఓపిక పట్టడం చూపించారు. బదులుగా నేను ఆయన చేతుల్లోంచి పని తీసేశాను.

బుధవారం సమాధుల తోటకు తీసుకెళ్లే ముందు మావయ్యను చర్చిలో ఉంచారు. కొత్త పెట్టెల్లోంచి పాస్టరు గారి ప్రార్థన గట్టిగా మోగింది. నా పక్కన కూర్చున్న ముసలావిడ "అయ్యగారు ఏమంటన్నారమ్మా?" అని అడిగింది. నాకూ తెలియలేదు.

అందరూ వెళ్లాక అత్తయ్యకు తోడుగా నాలుగు రోజులు ఉన్నాను. ఏళ్ల తరబడి ఆయనకు వినబడాలని గొంతెత్తి మాట్లాడిన మనిషి ఆవిడ. ఇప్పుడూ అంతే. రెండు గదుల ఇంట్లో, వంటగదిలోంచి "కూర వేడి చేయనా?" అని కేకేస్తుంది. వీధిలో పోయేవాళ్లు ఆగి చూస్తారు. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంటుంది. మళ్లీ అంత గట్టిగానే, "అన్నం చల్లారిపోతంది" అంటుంది.