జోగమ్మ గోడ కొలిచిన దేవదానం

దేవదానం ప్లాన్లు పాసు చేసే ఆఫీసులో చైన్‌మన్. కొత్తగా కట్టే ఇళ్ల దగ్గరికి వెళ్లి, గోడకీ హద్దుకీ మధ్య టేపు పట్టి, ఎన్ని అడుగులు వదిలారో రాసుకొచ్చి ఇవ్వడం అతని పని. ఉక్కు ఫ్యాక్టరీ వస్తోందని విశాఖపట్నం నలువైపులా పెరిగిపోతున్న రోజులవి. జాగా దొరికిందే చాలని జనం హద్దు రాయి మీదే గోడ లేపేవారు. చెయ్యి తడిపితే కొలత మార్చే మనిషి కాడు దేవదానం. అర అడుగు తగ్గితే ఆ అర అడుగూ రాసేవాడు. అలాగని రాతిగుండె వాడూ కాదు. కొలత తప్పిన ఇంటి నుంచి వచ్చిన రోజున ఆయనకు అన్నం సయించదని భార్య ప్రేమలీల చెప్పేది.

డెబ్భై ఏడులో గోపాలపట్నం నుంచి ఫిర్యాదు వచ్చింది. పూర్ణా మార్కెట్లో ఆకుకూరలు అమ్మే జోగమ్మ, పోర్టులో కలాసీగా చేసే ఆమె మొగుడు గవర్రాజు డెబ్భై గజాల్లో ఇల్లు కట్టుకుంటున్నారు. పక్కింటి వైపు ఐదడుగులు వదలాలని రూలు. దేవదానం టేపు పట్టాడు. మూడున్నర వచ్చింది. మళ్లీ పట్టాడు. మూడున్నరే. ఐదడుగులూ వదిలితే మిగిలేది వంటిల్లు కాదు, పిచ్చుకగూడని జోగమ్మ అంది. దేవదానం తల దించుకుని మూడున్నరనే రాశాడు. నెల తిరక్కుండా వంటింటి గోడ పడగొట్టించారు.

ఆ తరవాత ఏడేళ్లు జోగమ్మ పెరట్లో తాటాకు పందిరి కిందే వండింది. జల్లు కొడితే పొయ్యి ఆరిపోయేది, మళ్లీ ఊదుకునేది. అటుకేసి పని పడితే దేవదానం ఆ వీధి తప్పించి చుట్టూ తిరిగి పోయేవాడు.

ఎనభై నాలుగులో రూలు మారింది. వంద గజాల లోపు స్థలాలకు మూడడుగులు వదిలితే చాలన్నారు. ఆ కాగితం దేవదానం రెండుసార్లు చదువుకున్నాడు. ఆదివారం ప్రార్థన అయ్యాక బట్టలైనా మార్చుకోకుండా గోపాలపట్నం బస్సెక్కాడు.

జోగమ్మ చూడగానే గుర్తుపట్టింది. "ఇంకేటి కొలుత్తారు బాబూ? కూల్సడానికి మాకింకేటీ లేదు."

అతను వచ్చిన పని చెప్పాడు. ఆమె పందిరి కింద పొయ్యి వైపు చూసింది.

"నాడు తప్పన్న గోడే నేడు ఒప్పంటన్నారు. ఏడేళ్లు వానలో ఒండుకున్నాను. నానేటి సేసినాను?"

"నువ్వేటీ సెయ్యలేదమ్మా. నానూ ఆ రోజు అబద్ధం కొలవలేదు. కానీ ఆ కొలత నన్ను ఒగ్గలేదు."

జోగమ్మ లోపలికి వెళ్లి చెంబుతో మంచినీళ్లు తెచ్చిచ్చింది.

తెలిసిన డ్రాఫ్ట్స్‌మన్‌ని బతిమాలి దేవదానం ప్లాను గీయించాడు. సెలవు పెట్టి, తన ఆఫీసు కిటికీ ముందే గవర్రాజు పక్కన లైనులో నిలబడ్డాడు. లోపలివాళ్లు నవ్వారు. అతనికీ నవ్వొచ్చింది. నెల్లాళ్లకు ప్లాను పాసయింది.

పందిరి తీసి మట్టి తవ్వితే పాత పునాది రాళ్లు చెక్కుచెదరకుండా బయటపడ్డాయి. వాటిని వదిలి మూడడుగుల దగ్గర కొత్తగా వేసుకుంటే అర అడుగు కలిసొస్తుందని మేస్త్రి సలహా ఇచ్చాడు. దేవదానం జోగమ్మ వైపు చూశాడు. పక్కింట్లో ఉన్నది నాడు ఫిర్యాదు పెట్టినవాళ్లే.

"ఒద్దు," అంది జోగమ్మ. "ఆళ్ల కిటికీకీ గాలాడాల కదా. పాత రాళ్ల మీదే లేపు."

దేవదానం చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి ఇటుకలు అందించడం మొదలుపెట్టాడు. "నువ్వెందుకు బావా," అన్నాడు గవర్రాజు. అతన్ని బావా అని పిలవడం అదే మొదలు.

గోడ ఆరి, కప్పు పడ్డాక, జోగమ్మ కబురు పెడితే ప్రేమలీలను వెంటబెట్టుకుని వెళ్లాడు. కొత్త వంటింట్లో పీట మీద కూర్చుని చేపల పులుసుతో తిన్నాడు. మారు వడ్డించమని తనే అడిగాడు.