ఆవకాయ జాడీలో బీరు

కొత్త ఆవకాయ పెడదామని ఈ రోజు పెద్ద జాడీ తెమ్మంటే మా మనవడు నసిగాడు. అనుమానం వచ్చి నేనే వెళ్లి మూతికి కట్టిన గుడ్డ విప్పాను. లోపల బార్లీ నీళ్లు నురగలు కక్కుతున్నాయి. వీడు ఇంటి నుంచే కంప్యూటర్ ఉద్యోగం చేస్తాడు. ఏదో వీడియో చూసి, తీరిక వేళల్లో బీరు పెట్టాడట.

"అమ్మేదానికి కాదు జేజీ, నేను తాగేదానికే. మనింట్లో మనం చేసుకుంటే తప్పేముండాది?" అన్నాడు.

తప్పేనని చెప్తే నమ్మడు. బడిలో నా దగ్గర చదివినవాడొకడు ఇప్పుడు ఎక్సైజు శాఖలో ఉన్నాడు. వాడికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను.

"అమ్మినా అమ్మకున్నా ఒకటే టీచరమ్మా. లైసెన్సు లేకుండా చేయడమే నేరం. ఎవరన్నా చేస్తాండారా? పేరు చెప్పండి," అన్నాడు వాడు.

మనవడి మొహం సున్నం కొట్టినట్టయింది. చేతులు జోడించాడు. నేను తాపీగా, "పేరా? ఉండప్పా, నాలిక చివరే ఉండాది," అన్నాను.

వీడు జాడీని చంకనెత్తుకుని పెరట్లోకి పరుగెత్తాడు. తూములో బుడబుడమనే చప్పుడు పూర్తిగా ఆగేదాకా ఆలోచించాను.

"గుర్తు రాలేదు నాయనా, వయసు మీద పడింది," అని ఫోన్ పెట్టేశాను.

జాడీని మూడుసార్లు కడిగించి ఎండబెట్టించినా బీరు కంపు పోలేదు. ఎలా పోతుందో తెలిసినవాళ్లు కింద రాయండి. మీకెలా తెలుసని మాత్రం నేను అడగను.