నడిసముద్రంలో కాకి కోసం

ఉదయం ఆరూ పదికి ఓడలో టీ గంట కొట్టారు. ఆ గంటకు అందరికంటే ముందు లోటా పట్టుకుని వరసలో నిలబడేది మా నాయనే. ఆ రోజు లేవలేదు. పై బంకు మీద నుంచి వంగి చూస్తే కళ్ళు తెరుచుకునే ఉన్నాడు. "నాకొద్దు పాపా. ఈ పొద్దు పదో దినం. కాకి ముట్టేదాకా నీళ్ళు తప్ప ఏమీ తాగను" అన్నాడు. నాగపట్టణం వదిలి రెండు రోజులైంది. చుట్టూ నాలుగు దిక్కులా బంగాళాఖాతం. కాకి ఎక్కడి నుంచి వస్తుందని అడగబోయి ఊరుకున్నాను. చావు ఇంట్లో లెక్కలు అడగకూడదని అమ్మ చెప్పి పంపింది.

ఆ రోజుల్లో మా చిత్తూరు జిల్లా వాళ్ళు పినాంగు పోవాలంటే మద్రాసులో ఓడ ఎక్కేవాళ్ళు. ఓడ ప్రయాణం గురించి పుస్తకాల్లో చదివి నేను ఏమేమో ఊహించుకున్నాను. తీరా ఎక్కాక తెలిసింది, అది పాకాల జంక్షన్లో రైలు తప్పిపోయి, తర్వాతి రైలు వచ్చే వారం అని తెలిసినట్టు ఉంటుందని. కింది అంతస్తులో వరసగా ఇనప బంకులు, డీజిలు వాసన, దాని మీద అందరి ఊరగాయల వాసన. ఉప్పునీళ్ళ స్నానం. సబ్బు నురగ రాకుండా జిగురై ఒంటికి అతుక్కునేది. మా పక్క బంకు ఆసామి ట్రాన్సిస్టర్‌లో పాటలు నాగపట్టణం దాటగానే పోయాయి. అయినా ఆయన రోజూ సాయంత్రం దాన్ని చెవి దగ్గర పెట్టుకుని గరగర వింటూ కూర్చునేవాడు. ఓడ మునిగితే ఏం చెయ్యాలో చూపించడానికి ఒక పూట అందరికీ బెండు చొక్కాలు తొడిగారు. మా ఎదురు బంకులో సత్యవేడు నుంచి వచ్చిన ఒకామె ఉండేది, నేను అత్తా అని పిలిచేదాన్ని. ఆమె ఆ చొక్కా విప్పనే లేదు. "మునిగేటోళ్ళు సెప్పి మునుగుతారా?" అనేది. దాంతోనే తిని, దాంతోనే పడుకునేది. ఇంకొకాయన పుత్తూరు వైపు ముసలాయన, చిన్నప్పుడే పినాంగు పోయి అక్కడే స్థిరపడినవాడు. వాంతులకు భయపడి ఎక్కడికి పోయినా ఒక బక్కెట్టు మోసుకు తిరిగేవాడు కాబట్టి మేము ఆయనకు బక్కెట్టు తాత అని పేరు పెట్టుకున్నాం. (నిజానికి ఆయనకు ఒక్కసారి కూడా వాంతి కాలేదు. అయింది పక్కవాళ్ళకు. బక్కెట్టు వాళ్ళకే పనికొచ్చింది.)

పోయినవాడు మా పెదనాయన. పాకాలలో మా బెల్లం మండీ నాయనకు వదిలి, తాను పినాంగులో భోజనాల హోటలు పెట్టుకున్నాడు. పెళ్ళాం చిన్నతనంలోనే పోయింది, పిల్లల్లేరు. అక్కడే పుట్టిన ఒక తమిళావిడతో కాపురం చేశాడు. తాళి కట్టాడో లేదో మా ఇంట్లో ఎవరూ అడగలేదు. ఆమెను 'అక్కడిది' అనేవాళ్ళు. నా చిన్నప్పుడు ఒకసారి ఆమెను వెంటబెట్టుకుని పాకాల వచ్చాడు. అందరికీ లోపల ఆకులు వేసి, ఆమెకు మాత్రం వసారాలో వేయించాడు నాయన. పెదనాయన సగం అన్నంలో లేచి చెయ్యి కడుక్కుని, ఆమెను తీసుకుని సాయంత్రం బండికే వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. ఏళ్ళు గడిచాక, ఒంట్లో బాగాలేదు, వచ్చి చూసిపొమ్మని కబురు పెట్టాడు. పాస్‌పోర్టులు తెచ్చుకునేసరికి నెలలు పట్టింది. ఇంగ్లీషులో మాట్లాడటానికి పనికొస్తానని బి.ఏ. అయిన నన్ను నాయన తోడు తీసుకున్నాడు. ఓడ ఎక్కే వారంలోనే పెదనాయన పోయాడని తంతి వచ్చింది. అక్కడ దహనం ఆమే చేయించింది.

ఇంట్లోనే కర్మ చేసి తర్వాత ఓడకు పొమ్మని అమ్మ అన్నది. నాయన వినలేదు. దాని వెనక ఉన్న ఆలోచన నాకు ఓడలో గానీ అర్థం కాలేదు. పదో దినం ఓడలోనే అయిపోతే, పినాంగులో దిగేసరికి చెయ్యాల్సిందేమీ ఉండదు. ఆమె పక్కన నిలబడాల్సిన పని ఉండదు.

ఉప్పునీళ్ళతో స్నానం చేసి, వంటవాణ్ణి అడిగి అన్నం తెచ్చుకుని, అమ్మ కట్టిచ్చిన నువ్వులు కలిపి, నాయన పై డెక్కు మీద ఆకు పరిచి పిండం పెట్టాడు. ఆకాశంలో మబ్బు తప్ప ఏమీ లేదు. సత్యవేడు అత్త బెండు చొక్కాలోనే వచ్చి చూసి, "నాగపట్టణంలో కాకులు గుంపులుగా ఉన్నాయి గదన్నా. ఒగటి పట్టుకోనొచ్చి ఉంటే సరిపోయుండు" అన్నది.

"పట్టి పెట్టించేది గాదమ్మా. అదే రావల్ల."

"యాడనించి రావల్ల? టిక్కెట్టు తీసుకోనొస్తాదా?"

నీళ్ళలో వదిలితే చాలునని బక్కెట్టు తాత చెప్పాడు. ఇన్ని నీళ్ళు ఎక్కడ దొరుకుతాయి అన్నాడు. నాయన ఒప్పుకోలేదు. మా ఇంట్లో ఎప్పుడూ కాకే ముట్టింది, కాకే ముట్టాలి.

ఓడలో ఎవరికీ పని లేదు. మధ్యాహ్నానికి విషయం అందరికీ తెలిసిపోయింది. పేకాట వాళ్ళు ముక్కలు పక్కన పెట్టి ఆకాశం చూశారు. తిరుచ్చి కుర్రాడొకడు కాకిలా అరవడం తనకు బాగా వచ్చునని సాయంత్రం దాకా అరిచాడు. (బాగానే వచ్చు. కానీ రావాల్సిన వాళ్ళు వినే దూరంలో లేరు.) ఓడ వెనకాల ఒక తెల్ల పిట్ట కనబడితే జనం నాయన వైపు చూశారు, ఒప్పుకుంటాడేమోనని. ఆయన తల అడ్డంగా ఊపాడు. సాయంత్రం గాలికి అన్నం మెతుకు మెతుకుగా సముద్రంలోకి పోయింది.

అంతవరకు నాకు నవ్వుగానే ఉంది. మరుసటి రోజు ఉదయం ఆ నవ్వు లేదు. నాయనకు కడుపులో పుండు. కడుపు ఖాళీగా ఉంచితే ప్రాణం మీదికి వస్తుందని చిత్తూరు డాక్టరు నా ఎదురుగానే చెప్పాడు. బక్కెట్టు తాత బక్కెట్టులో నాయన వాంతి చేసుకున్నప్పుడు అందులో ఎర్రజీర కనిపించింది. ఓడ డాక్టరు వచ్చి చూసి, వెంటనే ఏదైనా తాగించమని నాతో ఇంగ్లీషులో గట్టిగా చెప్పాడు. నేను దాన్ని తెలుగులో ఇంకా గట్టిగా చెప్పాను. నాయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. పాకాల నుంచి ఒక చావు కోసం బయలుదేరి రెండు చావులతో దిగుతానేమో అనుకున్నాను.

చల్లటి పాలైనా అడుగుదామని వంటగది వెనక్కి పోయాను. ప్రయాణికులు పోకూడని చోటు అది. చెత్త డబ్బా అంచు మీద ఒక కాకి కూర్చుని ఉంది. బలిసి, నిగనిగలాడుతూ, నన్ను చూసి పక్కకు కూడా జరగలేదు. వంటవాడు మద్రాసు మనిషి, చెయ్యి తుడుచుకుంటూ చెప్పాడు: "కాక్కావా? శానా ట్రిప్పులుగా ఈడనే కాపురం. దిగమన్నా దిగదు."

పరిగెత్తి వచ్చి చెప్పాను. నాయన నా భుజం పట్టుకుని మెట్లెక్కాడు. కొత్త అన్నం, కొత్త ఆకు. వంటవాడు చెత్త డబ్బా మూసేసి, కాకిని పిలుచుకుంటూ ముందుకు వచ్చాడు. అది నిజంగానే వెంట వచ్చి కమ్మీ మీద వాలింది. కాకి అన్నం చూసింది. తల ఇటు తిప్పి చూసింది, అటు తిప్పి చూసింది. తర్వాత ముక్కు రెక్కలో పెట్టుకుని గోక్కోవడం మొదలుపెట్టింది.

నాయన ముఖం చూడలేకపోయాను. కాకి లేకపోవడం సముద్రం తప్పు. కాకి ఉండి ముట్టకపోవడం అలాంటిది కాదు. పోయినవాడికి తీరని కోరిక ఉంటే కాకి ముట్టదని, అదేమిటో తెలిసి మాట ఇస్తే ముడుతుందని మా వైపు నమ్మకం.

"అన్నా, నీ పేరుతో ఏటేటా కొండ కింద అన్నం పెట్టిస్తా" అన్నాడు నాయన. కాకి కదల్లేదు. "నీ భాగం చేను అమ్మను. మడక నేనే తోలిస్తా." కదల్లేదు. "మండీకి నీ పేరు పెడతా." చుట్టూ ఉన్నవాళ్ళు కూడా తలా ఒక కోరిక అందించారు. ఎవరో ఆయనకు సినిమాలంటే ఇష్టమేమో అడగండి అన్నారు.

బక్కెట్టు తాత మాత్రం నవ్వలేదు. బక్కెట్టు కింద పెట్టి, "అబ్బయా, మీ అన్న హోటల్లో నేను ఏండ్ల తరబడి తిన్నోణ్ణి. నువ్వు ఇయ్యాల్సిన మాట ఇయ్యలా" అన్నాడు.

"ఏం మాట?"

"నన్నడుగుతావేంది? వసారాలో ఆకేసినోడు నువ్వు."

అంత దూరం పోయి చెప్పుకున్నాడన్నమాట పెదనాయన. నాయన కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. ఆ సందులో సత్యవేడు అత్త, "ఆకు లేస్తాండాది" అంటూ వంగి ఆకు సర్దింది. సర్దుతూ, బెండు చొక్కా లోపలి నుంచి తీసిన ఎండు చేప ముక్క ఒకటి అన్నంలోకి తోసింది. పినాంగులో ఉన్న వాళ్ళ అన్న కోసం తీసుకుపోతున్న కరువాడు అది. నేను చూశాను. పక్కనున్న నేను తప్ప ఎవరూ చూడలేదు. మా ఇంట్లో కోడిగుడ్డు కూడా గడప దాటి లోపలికి రాదు.

సరిగ్గా అప్పుడే నాయన నోరు తెరిచాడు. "అన్నా, ఆయమ్మను వదినా అని పిలుస్తా. నీ ఇంట్లో ఆమె పెడితేనే తింటా."

కాకి దిగింది. రెండు గెంతులు వేసి ఆకు దగ్గరికి వచ్చి, అన్నంలో ముక్కు పెట్టి, దొరికింది కరుచుకుని వంటగది వైపు ఎగిరిపోయింది. జనం చేతులు జోడించారు. తిరుచ్చి కుర్రాడు ఏడ్చాడు. నాయన డెక్కు మీదే కూలబడి గంజి తాగాడు, రెండు లోటాలు.

తర్వాత నన్ను మెట్ల దగ్గర పట్టుకుని అత్త అన్నది: "సూసినావా? సూస్తే సూసినావులే. మీ నాయన మాటకు వచ్చిందా, నా కరువాడుకు వచ్చిందా అని ఆ కాకినే అడగల్ల. మనిషి తాగినాడు గదా. నోరు మూసుకో."

మూసుకున్నాను.

పినాంగు రేవులో ఆమె గొడుగు పట్టుకుని నిలబడి ఉంది. తెల్ల నూలు చీర. చిన్నప్పుడు చూసి నాకు గుర్తున్నదానికంటే పొట్టి మనిషి. నాయన పెట్టె కింద పెట్టి, ఆమె ముందుకు పోయి, "వదినా" అన్నాడు. ఆమె కాసేపు ఆయన్నే చూసి, వచ్చీరాని తెలుగులో, "అన్నం తిన్నావా తమ్ముడూ?" అని అడిగింది. ఆ మధ్యాహ్నం పెదనాయన ఇంట్లో ఆమెకు కూడా తన పక్కన ఆకు వేయించి, ఆమె వడ్డించి కూర్చున్నాక గానీ నాయన అన్నం ముట్టలేదు. తిన్నాక ఇద్దరూ పెదనాయన మంచం వైపు చూస్తూ కూర్చున్నారు. నేను వరండాలోకి వచ్చేశాను.

ఇది నవ్వుకుంటూ చెప్పేదే అనుకుని చాలామందికి చెప్పాను. నాయనకు మాత్రం కరువాడు సంగతి చెప్పలేదు. ఆయన పోయినప్పుడు పాకాల బయట వంక ఒడ్డున మా తమ్ముడు పిండం పెట్టాడు. పుస్తకాలు చదివి ఇలాంటివి నమ్మడం మానేశానని చెప్పుకునే నేను, కాకి ఆలస్యం చేస్తే ఏమేం మాట ఇవ్వాలో ముందు రోజే అనుకుని పెట్టుకున్నాను. చాలానే ఉన్నాయి. కాకి మాకు ఆ వ్యవధి ఇవ్వలేదు. ఆకు పరిచీ పరచకముందే వచ్చి తినేసింది. అందరూ అదృష్టం అన్నారు. నేను చెప్పులు వేసుకుని ఇంటికి నడిచాను.

ఆ ఓడ ఆగిపోయి చాలా కాలమైంది. మా ఇళ్ళలో ఇప్పుడు కాకి కోసం ఎవరూ నిలబడటం లేదు. పిండం నీళ్ళలో వదిలి, బస్సు వేళకు బయలుదేరుతున్నారు.