మడత విప్పిన ఉత్తరం

పెదనలో పాండురంగారావుగారి కలంకారీ అద్దకం షెడ్డు మా ఇంటికి రెండిళ్ల అవతల. ఆయన మాట తక్కువ మనిషి. పట్టుదల మాత్రం ఇద్దరికి సరిపడా ఉండేది. అందుకే నాకు ఆయనంటే ఇష్టమూ, చిరాకూ రెండూ.

రెండు వేల నాలుగు, ఏప్రిల్ మొదటి వారం. షెడ్డులో నెల రోజులుగా పని లేదు. ఉన్న నలుగురు పనివాళ్లలో ఇద్దరు వేరే షెడ్లకి వెళ్లిపోయారు. మిగిలిందల్లా ఢిల్లీలోని ఒక దుకాణం మీద ఆశ. వంద నెమలి దుప్పట్లకు వాళ్లు సరేనంటే షెడ్డు నిలుస్తుంది, లేదంటే మూత. పైగా ఇరవయ్యో తారీఖున కాలువకు నీళ్లు కట్టేస్తారు. అద్దిన గుడ్డను పారే నీళ్లలో జాడించకపోతే రంగు మరకలు కడుతుంది. పని మొదలుపెడితే ఆ వారంలోనే పెట్టాలి.

నమూనా ఫోటో పంపడానికి ఆయన బస్సెక్కి బందరు వెళ్లారు. బస్టాండు దగ్గర ఇంటర్నెట్ సెంటర్ నడిపే జ్యోతిర్మయి ఈమెయిల్ పంపించింది.

"వాళ్లు దీన్ని తెరిస్తే మనకి కబురొస్తుంది బాబాయిగారూ. అలా పెట్టాను" అంది.

మర్నాడు మళ్లీ బస్సు. కబురు రాలేదు. మూడో రోజు ఆయన గుమ్మంలో ఉండగానే ఆమె చెప్పింది.

"నిన్న సాయంత్రం తెరిచారండి. టైముతో సహా వచ్చింది. జవాబు మాత్రం ఇంకా..."

మిగతాది ఆయన వినలేదు. వచ్చేశారు.

తప్పు ఎక్కడ జరిగిందో తెలియాలంటే మావాళ్ల పద్ధతి తెలియాలి. వ్యాపారి ఇంటికొస్తే నమూనా గుడ్డను మడత విప్పకుండానే అతని చేతికిస్తాం. పైమడత చూసి నచ్చకపోతే అలాగే తిరిగిచ్చేస్తాడు. మడత విప్పాడంటే బేరం కుదిరినట్టే. ఆ తరవాత కాదనడం మా తాతల నాటి నుంచీ లేదు.

ఆ సాయంత్రమే గుడ్డ, అద్దకానికి ముందు నానబెట్టే కరక్కాయ నీళ్లలో పడింది. వెళ్లిపోయిన ఇద్దరినీ పిలిపించారు.

"జవాబు వచ్చేదాకా ఆగకూడదా మావయ్యా?" అన్నాను.

"విప్పి చూశారురా. ఇంకేం కావాలి?" అన్నారాయన.

నాకు ఒళ్లు మండింది. కానీ షెడ్డులో అచ్చుల చప్పుడు మళ్లీ వినబడేసరికి నోరు మూసుకున్నాను. నాకూ సంతోషంగానే ఉంది మరి.

కాలువ కట్టే ముందురోజు ఆఖరి దుప్పటి ఆరింది. వాటిని ఎక్కడికి పంపాలో కనుక్కోవడానికి ఆయనతో నేనూ బందరు వెళ్లాను. జవాబు వచ్చి ఉంది. జ్యోతిర్మయి దాన్ని తెలుగులో మెల్లగా చెప్పింది. నమూనా బాగుంది, ఈ ఏడాదికి మాత్రం వద్దు.

గట్టిగా నాలుగు మాటలు రాయించమన్నాను.

"వాళ్లననడానికేముందిరా? మన పద్ధతి వాళ్లకెవరు చెప్పారు?" అని, ఆమె వైపు తిరిగారు. "దుప్పట్లు తయారయ్యాయనీ, ఒక్కసారి చూడమనీ రాయమ్మా."

ఆమె రాసి, తెరిస్తే కబురొచ్చేలా పెట్టబోయింది.

"అది వద్దులే" అన్నారు. "ఈసారి తెరిచిందీ లేనిదీ నాకు తెలియక్కర్లేదు."

ఆ ఉత్తరానికి జవాబు రాలేదు. వేసవి దాటకుండానే షెడ్డు మూసేశారు. కాలువకు నీళ్లొదిలాక పక్క వీధిలో ఇంకొకరి షెడ్డులో పనికి కుదిరారు. వ్యాపారులు వస్తే నమూనాలు చూపించే పని ఆయనదే. మడత తనే విప్పి, అప్పుడు వాళ్ల చేతికిచ్చేవారు.