చెప్పులు దులిపించే మేడం

మా సోషల్ మేడం పోయారని మొన్న ఉదయం చెల్లి ఫోన్ చేసింది. చెల్లి పెదబయలులో నర్సు. చావు కబుర్లు దానికి కొత్త కాదు, ఎవరిదైనా రెండు ముక్కల్లో చెప్పేస్తుంది. ఆ రోజు మాత్రం "అక్కా" అని ఊరుకుంది. మళ్ళీ "అక్కా" అంది. నాకు ఒళ్ళు మండి, "ఏటే, సెప్పి సావు" అన్నాను. "మేడం పోయారే" అంది. నాలుక కరుచుకున్నాను.

మీలో చాలామందికి ఆవిడ తెలియదు. అరకులో మా ఆడపిల్లల హాస్టల్ స్కూల్లో సోషల్ చెప్పేవారు. సొంతూరు భీమిలి వైపు పల్లె, చర్చికి వెళ్ళే కుటుంబం. కోపం ముక్కు మీద ఉండేది. మెడలో విజిల్, చేతిలో నల్ల గొడుగు. ఆ గొడుగు ఎండకీ వానకీ కంటే నేలని పొడిచి చూడటానికే ఎక్కువ పనికొచ్చేది. "నేలని అడిగి అడుగెయ్యండి" అనేవారు. మధ్యాహ్నం అన్నానికి పిలిచే విజిల్ ఆవిడే వేసేవారు, రెండు పొడుగు, ఒకటి పొట్టి. అది వినబడితే చాలు, మా చెల్లి ఎక్కడున్నా ప్రత్యక్షమయ్యేది. తిండి దగ్గర దానికి మొహమాటం లేదు, ఇప్పటికీ లేదు.

ఏటా పరీక్షలకు ముందు మమ్మల్ని భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బలకు తీసుకెళ్ళేవారు. చూడనివాళ్ళ కోసం చెప్తాను. సముద్రం ఒడ్డునే ఎర్రటి ఇసుక దిబ్బలు. వాటిని వాన కోసుకుంటూ పోయి చేసిన లోతైన వాగులు, రెండు పక్కలా మనిషిని మించిన గోడలు. కొండల్లో రాయి అరిగి, నీళ్ళలో కొట్టుకొచ్చి, గాలికి పోగుపడి ఇలా అయిందని పుస్తకాల్లో ఉంటుంది. మేడం అలా చెప్పలేదు. పిడికెడు మట్టి నా అరచేతిలో పోసి, "మీ కొండే ఇది. నీకంటే ముందొచ్చి ఇక్కడ కూర్చుంది" అన్నారు. వెంటనే ఆ మట్టిని తీసినచోటే పోయించారు. అది కాపాడుకోవలసిన చోటు, గుప్పెడు కూడా పట్టుకెళ్ళకూడదని ఆవిడ పట్టు. బస్సెక్కేముందు అందరం వరసగా నిలబడి చెప్పులు దులపాలి. పోలీసు తనిఖీ నయం.

నేను పదిలో, చెల్లి ఏడులో ఉన్న ఏడాది, అది అక్కడ తప్పిపోయింది.

పక్కనున్న జీడితోటలో రాలిన పళ్ళు ఏరుకోవడానికి వెళ్ళిందట. మేం చూసుకునేసరికి లేదు. అప్పుడే సముద్రం మీద నుంచి మబ్బు కమ్ముకొచ్చింది. మొదటి చినుకు పడగానే మేడం మొహంలో రంగు పోయింది. వానకి నానితే ఆ గోడలు విరిగి పడతాయని పొద్దున్నే చెప్పారు. చెల్లి ఆ మాట చెవిన వేసుకుందో లేదో దేవుడికే తెలియాలి.

"తలో పక్కా వెతుకుదాం" అన్నారు ఆటల మాస్టారు.

"వొద్దు మాస్టారూ. మీరు గట్టుమీద పరిగెడితే అది కిందున్న పిల్ల మీద పడతాది" అన్నారు మేడం. క్లాసులో పుస్తకంలా మాట్లాడే మనిషికి భయమేస్తే సొంతూరి మాట వచ్చేసేది. నా భుజాలు రెండూ పట్టుకున్నారు. "మీ కొండల్లో దారి తప్పితే ఏటి సేత్తారే?"

"గెడ్డ నీళ్ళెంట కిందికి దిగిపోతాం మేడం. గెడ్డ ఊరికి సేర్చేస్తాది."

"వానొస్తే?"

"రాయి కింద కూకుంటాం."

ఆవిడ వేళ్ళు నా భుజాల్లో దిగబడ్డాయి. మా కొండల్లో ముందుకు వంగిన రాయి కింద దూరితే చినుకు తగలదు. మా తాతల నాటి నుంచీ ఆ రాళ్ళు అలాగే ఉన్నాయి. ఇక్కడ వంగి ఉన్నది రాయి కాదు, ఇసుక. చూడటానికి మాత్రం అచ్చం మా ఊరి రాయిలాగే ఉంటుంది. ఆ తప్పు కొండ పిల్లలే చేస్తారు.

మిగతా పిల్లల్ని బస్సెక్కించి, నన్నూ మాస్టారినీ వెంటబెట్టుకుని మేడం ఒడ్డు వెంబడి నడిచారు, జీడితోట పక్కనుంచి దిగే వాగు సముద్రంలో కలిసే చోటికి. నడిచారంటే నడిచారు, పరిగెత్తలేదు. నాకు ఏడుపూ, ఆవిడ మీద కోపమూ కలిసి వచ్చాయి. సముద్రం అంటేనే వద్దన్న అమ్మ, చెల్లిని నా చేతిలో పెట్టి పంపింది. "బేగి పదండి మేడం" అన్నాను. ఆవిడ తడి ఇసుకని గొడుగుతో పొడుస్తూనే ఉన్నారు. వాగులోకి తిరిగాం. కాళ్ళ కింద నీళ్ళు ఎర్రగా పారుతున్నాయి. మేడం విజిల్ వేశారు, రెండు పొడుగు, ఒకటి పొట్టి. ఏమీ లేదు. మళ్ళీ వేశారు.

"మేడం!" అని మలుపు అవతల నుంచి వినబడింది.

మలుపు తిరిగాం. వంగిన గోడ కింద గొంతుక్కూర్చుని, ఒళ్ళో జీడిపళ్ళు పెట్టుకుని తింటోంది మహాతల్లి. పైనుంచి ఇసుక సన్నగా దాని తల మీద రాలుతోంది. అది దులుపుకుంటోంది, తింటోంది. నేను అరవబోతే మేడం నా నోరు మూసేశారు. గొంతు పెంచకుండా దాన్ని పిలిచారు.

"ఒసే గుంటా, అన్నం పెట్టేసినారు. నెమ్మదిగా వొచ్చీ."

"కూరేటి మేడం?"

"గుడ్డు."

లేచింది. లేస్తుంటే ఒక పండు జారి గోడ మొదట్లోకి దొర్లింది. దాని కోసం వెనక్కి వంగింది. నా పైప్రాణాలు పైనే పోయాయి.

"దాన్నొగ్గీ" అన్నారు మేడం, అదే గొంతుతో. "నీకు రెండు గుడ్లేయిస్తాను."

వచ్చింది. మా దగ్గరికి చేరి, మేడం చెయ్యి పట్టుకుందో లేదో, గోడ కూలింది. పెద్ద చప్పుడు కూడా లేదు. అది కూర్చున్న చోట మట్టికుప్ప ఉంది, అంతే.

మేడం దాన్ని తిట్టలేదు, కొట్టలేదు. దాని మీద గొడుగు విప్పాలని చూశారు, వేళ్ళు మాట వినలేదు. మాస్టారు అందుకుని విప్పారు. బస్సు దగ్గరికొచ్చాక మాత్రం "చెప్పులు దులపండి" అన్నారు. నేను లోపల్లోపల పళ్ళు నూరుకున్నాను. చెల్లి చావు తప్పించుకొచ్చిన రోజున కూడా ఈవిడకి మట్టి గొడవేనా అని. అప్పుడు చూశాను, మేడం చెల్లిని మెట్టు మీద కూర్చోబెట్టి, దాని జుట్టులోని ఎర్రమట్టిని వేళ్ళతో తీస్తున్నారు. చాలాసేపు తీశారు. అంతా పోయాక కూడా తీస్తూనే ఉన్నారు. ఆ రాత్రి హాస్టల్లో చెల్లి కంచంలో రెండు గుడ్లున్నాయి.

ఆ తర్వాత ఏ పిల్లలకైనా ఆవిడ చెప్పే మొదటి మాట మారింది. "తెలిసినట్టు కనబడే చోటే ఎక్కువ ఆగి చూడండి" అనేవారు. నా ఉద్యోగంలో, కాపురంలో ఆ మాట నన్ను చాలాసార్లు కాపాడింది. ఆవిడకి ఆ సంగతి చెప్పలేదు, రేపు చెప్దాం ఎల్లుండి చెప్దాం అనుకుంటూనే గడిచిపోయింది.

మేడం కోరినట్టే సమాధి అరకులోనే చేశారు. పాస్టరు ప్రార్థన అయ్యాక అందరం తలో గుప్పెడు మట్టి వేశాం. చెల్లి గుప్పెట విప్పడానికి చాలాసేపు పట్టింది. తిరిగి జీపు దగ్గరికి వచ్చాక, ఎవరూ చెప్పకుండానే, మా పాత పిల్లలందరం వంగి చెప్పులు తీసి దులిపాం. చెల్లి ఒక్కతే ఊరికే నిలబడింది.

"దులపవే" అన్నాను.

"ఈ ఒక్కసారికీ ఒగ్గీ అక్కా" అంది.

ఆ చెప్పులతోనే జీపెక్కింది. పెదబయలు దాకా, మట్టి రాలకుండా, కాళ్ళు కదపకుండా కూర్చుంది.