రెండు పాయలు

పొద్దున్నే పిల్లకి జడ వేయడంతోనే ఆమెకి రోజు మొదలయ్యేది. భర్త పోయాక, ఆయన మొదటి భార్య కూతురైన ఆ పిల్ల జుట్టు పొట్టిగా కత్తిరించేసుకుంది. ఇప్పుడు చేతులకి ఏమీ తోచక, ఆమె శుభ్రంగా ఉన్న దువ్వెననే తీసి మళ్ళీ తుడుస్తుంది. బొమ్మలు వేయడం నేర్పే కాలేజీలో చదివే ఆ పిల్ల, అక్కడి ప్రదర్శన కోసం ముందు గదిలో ఫ్యాను కొక్కేనికి రెండు దారపు పాయలు వేలాడదీసింది. ఒకటి నాన్న వైపు, ఇంకొకటి కన్నతల్లి వైపు. తాత నుంచి తనకొచ్చిన ముక్కుకో ముడి, అమ్మమ్మ నుంచి వచ్చిన సొట్టబుగ్గకో ముడి వేస్తూ, రెంటినీ మెలితిప్పుతోంది.

"రెండు పాయలైతే జడ నిలవదే, ఊడిపోతుంది. మూడోది పెట్టు," అందామె చీపురుతో గుమ్మంలో నిలబడి.

"ఇది జడ కాదు పిచ్చి పిన్నీ, మనిషి పుట్టుక! అమ్మదొకటి, నాన్నదొకటి. మూడోది ఎక్కణ్ణుంచి తెమ్మంటావ్?"

"అవున్లే, నాకేం తెలుసు," అని ఆమె చూపు దించుకుంది.

పిల్ల దారాన్ని పక్క పంటితో పుటుక్కున కొరికి, మిగిలిన ముక్కని చెవి వెనక దోపుకుంది. ఆమె చెయ్యి తన చెవి దగ్గరికి వెళ్ళింది. పొద్దున గుండీ కుట్టుకున్నప్పటి దారం ముక్క అక్కడే ఉంది. పిల్ల నాన్నకి సూదిలో దారం ఎక్కించడమే వచ్చేది కాదు. దాని కన్నతల్లి ఏనాడూ సూది పట్టలేదట.

సాయంత్రం పిల్ల ఆ పాయల్ని చుట్టుకుని ప్రదర్శనకి వెళ్ళిపోయింది. ఇంట్లో ఆమె ఒక్కతే మిగిలింది. ముందు గది నిండా కొరికేసిన దారం ముక్కలు. ఇల్లంతా ఊడ్చుకుంటూ ఆ గది గుమ్మం దాకా వచ్చి, ఆ ముక్కల్ని ఊడవకుండానే చీపురు మూలన పెట్టేసింది.